నడుం వంగిన మిషన్

బావమరిది అనే చుట్టరికాన్ని కనిపెట్టినవాడు ఎవడో దొరికితే, వాడి వేలిముద్రలు తీయించి లోపల పడెయ్యాలని భూతద్దానికి ఏళ్ల తరబడి కోరిక. టై లాంటివాణ్ణి తన నెత్తిన పెట్టినందుకు ఆ శిక్ష కూడా తక్కువే.

టై అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఎండలు మండిపోతున్నా ఎర్ర టై బిగించుకునే తిరుగుతాడు కాబట్టి వీధి వీధంతా వాణ్ణి అలాగే పిలుస్తుంది. ఆ వీధే ఇతన్ని భూతద్దం అంటుంది, చొక్కా జేబులోంచి ఎప్పుడూ భూతద్దం పిడి తొంగిచూస్తూ ఉంటుంది గనక. ఏడో క్లాసుతో బడికి దండం పెట్టేసి, నానా రకాల పనులూ చేసి, చివరికి ఓ గది అద్దెకి తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు కట్టింది భూతద్దం. అందులో చేతికింద మనిషిగా చేరింది టై. ఏడాది తిరిగేసరికి గది మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది. వీధి వైపు సగం టైది, దొడ్డి వైపు సగం భూతద్దానిది. వచ్చిన ప్రతి కేసూ ముందు టై నోట్లో పడాలి. వాడు నమలలేక ఉమ్మేసినవి వెనక గదికి వస్తాయి. ఈ ఏడాదిగా వాడి పళ్లు గట్టిపడ్డాయో ఏమో, అవీ రావడం లేదు.

ఈ మాటే ఇంట్లో అన్నందుకు భార్య పదకొండు రోజులుగా అతనితో మాట్లాడ్డం లేదు. ఆమె టైకి సొంత అక్క మరి. మాట్లాడిన చివరిమాట కూడా విచిత్రంగా ఉంది. "మన మూల స్థలం కొలిచిన టేపు ఎక్కడ పెట్టావు?" అంది. ఎన్నాళ్లకి ఆ స్థలం మీద మనసు పోయిందీ, ఇల్లు కట్టుకోవాలని ఉందన్నమాట అని భూతద్దం పొంగిపోయి, అటక ఎక్కి మరీ తీసిచ్చాడు. ఆ స్థలం మామగారు కూతురికి రాసిచ్చింది. అయినా నోటితో "నా స్థలం" అంటూ ఉంటే కడుపు నిండినట్టుగా ఉండేది అతనికి.

ఆ రోజు పొద్దున్న ముందుగదిలో టై కుర్చీ ఖాళీగా ఉంది. అందుకే ఒక మేస్త్రి ఎవరికీ చిక్కకుండా తిన్నగా వెనక గదిలోకి రాగలిగాడు. చేతిలో సంచి, సంచిలో నాలుగు ఇనుప పలకలు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అయ్యా, నేను షెడ్డులో మిల్లింగ్ మిషన్ నడుపుతాను. నా మిషన్ని ఎవరో పాడు చేశారు. నేనే చేశానంటున్నారు. సాయంత్రం నాలుగింటికి కంపెనీవాళ్లు పలకలు తీసుకెళ్లడానికి వస్తారు. అప్పటికి తేలకపోతే నన్ను పనిలోంచి తీసేస్తానంది ఓనరమ్మ."

"నువ్వు చెయ్యలేదు కదా?"

"నా మిషన్ని నేనెందుకు పాడుచేసుకుంటానయ్యా! మా ఆవిడ ఒంట్లో బాగాలేదన్నా ఒకోసారి వినపడదు గానీ, ఆ మిషన్ చిన్నగా మూలిగిందంటే నిద్రలో లేస్తాను."

"ఈ మాట మీ ఆవిడ దగ్గర అన్నావా?"

"ఆవిడే నా దగ్గర అంది."

భూతద్దానికి అతను నచ్చాడు. లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

షెడ్డు రెండు సందుల అవతలే. రేకుల కప్పు, మూడు లేతులు, ఒక డ్రిల్లింగ్ మిషను. కిటికీ పక్కన నడుమెత్తు ఇనుప బల్ల, దాని మీద ఆ మిల్లింగ్ మిషన్. పెద్దదేం కాదు, బల్ల మీద కూర్చునేది. కింద దిమ్మ, దిమ్మ వెనకంచున నాలుగు బోల్టులతో బిగించిన నిలువు కాలమ్, కాలమ్‌ని పట్టుకుని పైకీ కిందికీ జరిగే హెడ్డు, హెడ్డులో తిరుగుతూ ఇనుము చెక్కే కట్టరు, కట్టరు కింద పలకని బిగించే టేబుల్.

ఆ టేబుల్ పక్కనే ఎర్ర టై వేలాడుతోంది. దాని పైన వాడి మొహం.

"రా బావా, రా!" అన్నాడు టై, పెళ్లివారిని పిలిచినట్టు. "నేను ముగించాక ఊడ్చిపెట్టడానికి వచ్చావా?"

"నిన్నెవడు పిలిచాడ్రా?"

"నేనే పిలిచాను." ఓనరమ్మ లేతుల వెనకనుంచి వచ్చింది. బక్కమనిషి, మాట మాత్రం బండ. "మీ ముందుగది ఆయన పొద్దున్నే వచ్చి, అరగంటలో తేల్చేశారు. మేస్త్రే చేశాడట. ఇక మీరెందుకు?"

"నేను మేస్త్రి తరఫున" అన్నాడు భూతద్దం.

ఆమె అతన్ని ఎగాదిగా చూసి, ఎందుకో కాస్త మెత్తబడింది. "మీ ఇంటావిడ చాలా మంచిదండీ" అంది.

భూతద్దం ఆ మాట విన్నాడు. కానీ ఆ సమయంలో అతని కళ్లు మిషన్ మీద ఉన్నాయి. తర్వాత ఎన్నిసార్లు తల బాదుకున్నాడో లెక్కలేదు.

"ఏదీ, నీ అరగంట తెలివితేటలు చెప్పు" అన్నాడు టైతో.

టై గొంతు సవరించుకున్నాడు. "ఈ మిషన్‌కి హెడ్డు అటూ ఇటూ తిరుగుతుంది. వెనక మూడు నట్లు వదులు చేస్తే కుడికో ఎడమకో వాలుతుంది. వాలితే పలక వంకరగా వస్తుంది. నట్లు విప్పే స్పానర్ ఎవరి దగ్గరుంది? మేస్త్రి దగ్గర. షెడ్డు తాళం ఇంకోటి ఎవరి దగ్గరుంది? మేస్త్రి దగ్గర. మొన్న ఓనరమ్మ మీద అలిగిందెవరు? మేస్త్రి. అయిపోయింది."

"ఎందుకలిగావయ్యా?" భూతద్దం మేస్త్రి వైపు తిరిగాడు.

"సెలవు రోజు షెడ్డుకి రావద్దన్నారు. పదమూడేళ్లుగా సెలవు రోజున వచ్చి మిషన్ తుడిచి నూనె రాసి పోవడం నా అలవాటు. ఈ వారం మాత్రం గడప తొక్కితే ఊరుకోనన్నారు. అలిగాను. అలిగి ఇంట్లో పడుకున్నాను."

భూతద్దం ఓనరమ్మ వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూసింది.

"సరే" అన్నాడు టై, చేతులు దులుపుకుంటూ. "ఈయన అలక కథలు విన్నావుగా. ఇంటికెళ్లి పడుకో బావా."

భూతద్దానికి ఎక్కడో కాలింది. పదకొండు రోజుల మౌనం, ప్లైవుడ్ గోడ, నమిలి ఉమ్మేసిన కేసులు అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"పందెం కాస్తావా? మేస్త్రి తప్పు ఉంటే నా మూల స్థలం నీది. లేకపోతే ముందుగది నాది. ప్లైవుడ్డు నువ్వే మోసుకుపోవాలి."

టై మొహంలో ఏదో మెదిలింది. భయం కాదు, బాధ కాదు. తుమ్ము ఆపుకునేవాడి మొహంలా ఉంది. "నీ మూల స్థలమా?" అన్నాడు. ఓనరమ్మ వైపు ఓసారి చూశాడు. "సరే బావా. అంత ముచ్చట పడుతుంటే కాదంటానా?"

వీడు అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటి అని డిటెక్టివ్ అన్నవాడికి అనుమానం రావాలి. రాలేదు. కోపం వచ్చినప్పుడు భూతద్దం బుర్ర ఒక్క వైపే పనిచేస్తుంది.

మేస్త్రి సంచిలోంచి పలక ఒకటి తీసి వెలుతురులో పెట్టాడు. భూతద్దం అద్దం తీశాడు. పలక పొడుగునా పక్కపక్కనే, దున్నిన పొలంలోలా, కట్టరు నడిచిన చాళ్లు. పైకి బాగానే మెరుస్తోంది.

"కంటితో కాదు, గోరుతో చూడండయ్యా. అడ్డంగా" అన్నాడు మేస్త్రి.

గోరు పెట్టి అడ్డంగా గీశాడు. టక్. కొంచెం నున్నగా పోయి మళ్లీ టక్. చాలు చాలుకీ గోరు తట్టుకుంటోంది, పెంకుటింటి కప్పు మీద చెయ్యి రాసినట్టు.

"మెట్లు" అన్నాడు భూతద్దం.

"మెట్లే. పలకని నేను ఎడమనుంచి కుడికి నడుపుతాను. ఒక చాలు అయ్యాక కాస్త లోపలికి జరిపి రెండో చాలు. ఇప్పుడు చెప్పండి, హెడ్డు కుడికో ఎడమకో వాలితే పలక ఎలా రావాలి?"

భూతద్దం పలకని తలకిందులుగా తిప్పి చూశాడు. మేస్త్రి జాలిపడి, ఒక పళ్లెం తెచ్చి బల్ల మీద కుడివైపుకి వాల్చి పట్టుకుని, ఎడమనుంచి కుడికి జరిపి చూపించాడు. "అలా వాలితే చాలు మధ్యలో గుంట పడాలి. తవ్విన కాలవలా. ఇక్కడ గుంట లేదు." ఈసారి పళ్లేన్ని ముందుకి వాల్చి అదే దారిలో జరిపాడు. "ముందుకి వాలితే ఒక అంచు దిగుతుంది, ఒక అంచు లేస్తుంది. చాలు పక్కన చాలు వేసేసరికి మెట్టు పడుతుంది."

"ఏదో ఒకటి వాలింది కదా!" అన్నాడు టై. "హెడ్డే ముందుకి వాల్చి ఉంటాడు."

"అది ముందుకి వాలదు బాబూ. కుడి, ఎడమ, అంతే. ముందుకి వంగే కీలు ఈ మిషన్‌కి లేదు."

భూతద్దానికి వెన్నులో జిల్లుమంది. ఇలాంటి క్షణాల కోసమే అతను ఈ పనిలోకి వచ్చాడు. ఏడాదికి ఒకటి కూడా దొరకదు, అది వేరే సంగతి.

"చూపించు" అన్నాడు.

మేస్త్రి కట్టరు తీసేసి, దాని చోట ఒక వంకర కడ్డీ బిగించాడు. కడ్డీ చివర ఎత్తుపల్లాలు పట్టే, గడియారంలాంటి డయల్ గేజ్. దాని ముక్కు కింద టేబుల్‌కి ఆనేలా పెట్టి, స్పిండిల్‌ని, అదే కట్టరు ఇరుసుని, చేత్తో మెల్లగా తిప్పాడు. ముక్కు టేబుల్ ఎడమ చివర ఆగింది. ముల్లు సున్నా మీద ఉంది. కుడి చివరికి తెచ్చాడు. మళ్లీ సున్నా.

"కుడి, ఎడమ సమానం. హెడ్డు కదల్లేదు" అన్నాడు భూతద్దం.

"తప్పు చేసి మళ్లీ సరిచేసి ఉంటాడు" అన్నాడు టై.

మేస్త్రి కాస్త సిగ్గుపడుతూ హెడ్డూ కాలమూ కలిసే చోటు చూపించాడు. అతుకు మీద అడ్డంగా సన్నటి గులాబిరంగు గీత.

"ఇదేమిటి?"

"మా అమ్మాయి గోళ్లరంగు. సరిగ్గా నిలబెట్టాక దాని మీద గీత పెడతాను. హెడ్డు వెంట్రుకవాసి కదిలినా గీత విరుగుతుంది. రంగు తీసుకొచ్చేసినందుకు మా అమ్మాయి ఇంకా తిడుతూనే ఉంది."

భూతద్దం అద్దం పెట్టి చూశాడు. గీత చెక్కుచెదరలేదు. పైన దుమ్మూ నూనే కలిసి పట్టిన నల్లటి పొర ఉంది. "ఈ మురికి నిన్నటిది కాదురా" అన్నాడు టైతో. "నీ చొక్కా కాలర్ అంత పాతది."

లేతు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

మేస్త్రి డయల్‌ని వెనక్కి, కాలమ్ వైపు తిప్పాడు. ముల్లు సున్నా. ముందుకి తిప్పాడు. ముల్లు పరుగెత్తింది. పది గీతలు దాటి, ఇరవై దాటి ఎక్కడో ఆగింది.

"వంగిపోయింది" అన్నాడు మేస్త్రి. "హెడ్డు కాదయ్యా. కాలమే ముందుకి వంగిపోయింది. నా మిషన్ నడుం వంచేశారు."

భూతద్దం మోకాళ్ల మీద కూర్చుని కాలమ్ అడుగున ఉన్న నాలుగు బోల్టులు చూశాడు. తలల మీద నల్లరంగు లేచిపోయి తెల్లటి ఇనుము మెరుస్తోంది. బల్ల మీద పాత నూనె మరక మిషన్ దిమ్మ ఆకారంలో ఉంది. కానీ దిమ్మ దాని మీద లేదు, రెండు వేళ్ల మందం పక్కకి జరిగి ఉంది.

అతను లేచి ఓనరమ్మకి ఎదురుగా నిలబడ్డాడు.

"సెలవు రోజున ఈ మిషన్ బల్ల దిగింది. కాలమ్ విప్పి, రెండు ముక్కలుగా దింపారు. మళ్లీ ఎక్కించి బిగించారు. అది ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. మేస్త్రిని రావద్దన్నది మీరు. ఎవరొచ్చారమ్మా ఆ రోజు?"

"ఎవరూ రాలేదు."

"అయితే మిషన్ తనంతట తనే దిగి, కాళ్లు సాగదీసుకుని, మళ్లీ ఎక్కి కూర్చుందా?"

"నన్నే అనుమానిస్తారా? నా మిషన్ నేను పాడుచేసుకుంటానా?"

"పొద్దున్న మేస్త్రి కూడా సరిగ్గా ఈ మాటే అన్నాడు. అతన్ని మీరు నమ్మలేదు."

ఆ దెబ్బ తగిలింది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. మేస్త్రి మొహం చూడకుండా చెప్పింది.

"అమ్ముదామనుకున్నాను. ఈ షెడ్డు ఖాళీ చెయ్యమంటున్నారు. సొంత జాగా చూసుకోవాలి. మిషన్ కొంటానని ఒకాయన బండితో సహా వచ్చాడు. తీరా దింపాక నచ్చలేదని పోయాడు. మళ్లీ పైకెక్కించాం. మేస్త్రికి తెలిస్తే ఈ ఆర్డర్ మధ్యలో వదిలేసి పోతాడని చెప్పలేదు. పలకలు చెడేసరికి, తెలిసిపోయి కక్షతో చేశాడనుకున్నాను."

మేస్త్రి చేతిలో స్పానర్ నేలకి జారింది. వంగి తీసుకోలేదు.

"అమ్మేస్తే అమ్మేశారు" అన్నాడు చివరికి. "దింపేటప్పుడైనా నన్ను పిలవాల్సింది. దాన్ని ఎక్కడ పట్టుకుని ఎత్తాలో నాకు తెలుసు."

టై మెల్లగా గుమ్మం వైపు రెండడుగులు వేశాడు.

"ఎక్కడికిరా?" అన్నాడు భూతద్దం.

"ఫోన్ వచ్చింది బావా."

"మోగలేదే?"

"వణికింది."

"వణికింది ఫోను కాదు. అక్కడే నిలబడు. మేస్త్రీ, విప్పు."

హెడ్డుకి గొలుసు వేసి, గొలుసుని పైన దూలానికున్న కొక్కేనికి తగిలించి, నాలుగు బోల్టులూ విప్పి కాలమ్‌ని అంగుళం ఎత్తేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మేస్త్రి కింద చెయ్యిపెట్టి తడిమాడు. ముందు వైపు తడిమి అదిరిపడ్డాడు.

"నా రేకులేవీ? కాలమ్ పుట్టుకతోనే కాస్త ముందుకి వంగి ఉండేది. బిస్కెట్ డబ్బా రేకు కత్తిరించి ముందు వైపు రెండు ముక్కలు పెట్టి నిలబెట్టాను. లేవు!" వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. వేళ్లకి ఏదో తగిలింది. లాగాడు.

రెండు మడతలు పెట్టిన అట్టముక్క. నూనెలో నానింది. అయినా అంచుల బంగారురంగు పోలేదు. భూతద్దం మునివేళ్లతో విప్పాడు. అద్దం అక్కర్లేకుండానే కనపడింది. మధ్యలో ఎర్ర టై బొమ్మ. కింద: "రహస్య పరిశోధనలు. పాత మిషన్ల అమ్మకం, కొనుగోలు. స్థలాలు కూడా చూడబడును."

షెడ్డంతా టై వైపు తిరిగింది.

"బ్రోకర్‌వి నువ్వన్నమాట" అన్నాడు భూతద్దం మెల్లగా, ఒక్కో మాటా చప్పరిస్తూ. "మిషన్ వంచిందీ నువ్వే. ఎవడు వంచాడో కనిపెడతానని పొద్దున్నే తయారైందీ నువ్వే."

"నేను వంచలేదు బావా, ఒట్టు!" టై మెడలో ముడి వదులు చేసుకున్నాడు. ఆ ముడి వదులవడం భూతద్దం చూడటం అదే మొదటిసారి. "కాలమ్ కింద రెండు తుప్పు రేకులు కనిపించాయి. చెత్త అనుకుని ఊడ్చి పారేశాను. పైకెక్కించాక వెనక సందు ఉన్నట్టు అనిపించింది. కాస్త నిండుగా ఉంటుందని నా కార్డు పెట్టాను. మంచి దళసరి కార్డు!"

"ఎత్తు పెట్టాల్సిన వైపు తీసేసి, తీయాల్సిన వైపు ఎత్తు పెట్టావు" అన్నాడు మేస్త్రి. అతను కోపంగా లేడు. చిన్నపిల్లాడు మింగిన వస్తువు డాక్టరు బయటికి తీసినప్పుడు తల్లి చూసినట్టు ఆ కార్డుని చూస్తున్నాడు. "ఎవరికైనా బిస్కెట్ డబ్బా ఉందా?"

డబ్బా ఓనరమ్మ సొరుగులోనే దొరికింది. బిస్కెట్లు బల్ల మీద కుమ్మరించి డబ్బా అతనికిచ్చింది. అతను కత్తిరించాడు, పెట్టాడు, బిగించాడు, డయల్ తిప్పాడు. మళ్లీ విప్పి ఇంకో సన్నటి ముక్క చేర్చాడు. ముందుకి తిప్పినా వెనక్కి తిప్పినా ముల్లు కదలనంటే కదలనంది. కుడి ఎడమలు కూడా ఇంకోసారి చూసుకున్నాడు. కట్టరు బిగించి మెట్లున్న పలకనే మళ్లీ పెట్టి పల్చటి పొర లాగాడు. ఓనరమ్మ తనే వచ్చి గోరు పెట్టి అడ్డంగా గీసింది. టక్ లేదు. మళ్లీ గీసింది. అద్దంలా నున్నగా ఉంది.

"రేపట్నుంచి సెలవు రోజున కూడా రా మేస్త్రీ" అంది. "మిషన్ ఎక్కడికీ పోదు. నువ్వూ పోవద్దు."

"గోళ్లరంగు సీసా మీరే కొనివ్వాలి" అన్నాడు మేస్త్రి, మళ్లీ పలక బిగిస్తూ.

మిగతా పలకలకి పై పొర తీసేసరికి నాలుగు కొట్టింది. కంపెనీ మనిషి వచ్చాడు. అతనూ గోరు పెట్టి చూసి, తలూపి, పలకలు బండిలో వేయించుకుని ఓనరమ్మ చేతికి చెక్కు ఇచ్చి వెళ్లాడు. భూతద్దం గుమ్మానికి ఆనుకుని ఇదంతా ఇల్లు గెలిచినవాడిలా చూశాడు. ఈ మనిషి పని తన వల్ల నిలబడింది. పన్నెండు నెలల్లో మొదటి గెలుపు.

"ముందుగది" అన్నాడు టై వైపు తిరక్కుండానే. "ప్లైవుడ్డు ఈ రాత్రికే తీసెయ్."

"తీస్తాను బావా. పందెం పందెమే." టై ముడి మళ్లీ బిగుసుకుంది. మొహంలో పొద్దున్నటి తుమ్ము మళ్లీ వచ్చింది. ఈసారి ఆపుకోలేకపోతున్నాడు. "నీకు చెయ్యెత్తి మొక్కాలి. నువ్వు గనక ఈ పలకలు నిలబెట్టకపోతే, ఓనరమ్మ చేతికి ఈ చెక్కు వచ్చేది కాదు. జాగా బేరం ఇవాళ్టితో రద్దయిపోయేది. నా కమిషన్ కూడా."

"ఏ జాగా?"

ఓనరమ్మ చెక్కు సంచిలో పెట్టుకుంటూ దగ్గరికి వచ్చింది. "అదేమిటండీ, మీకు తెలీదా? షెడ్డు వేసుకోవడానికి మీ ఇంటావిడ దగ్గర కొంటున్నాగా! మిషన్ అమ్మి ఇద్దామనుకున్నాను, అది కుదరలేదు. ఈ ఆర్డర్ డబ్బుతో ఇవాళ పూర్తి చేసేస్తున్నాను. పాపం, ఆవిడే టేపు పట్టుకుని వచ్చి నాతోపాటు ఎండలో నిలబడి కొలిచింది. ఒప్పందం మీద సంతకాలు కూడా అయిపోయాయి. ఇంట్లో మీతో చెప్పలేదా?"

"ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు" అన్నాడు భూతద్దం.

"అక్క ఏం చేస్తుంది బావా" అన్నాడు టై, మొదటిసారి కాస్త మెత్తగా. "ఏడాదిగా నీ వెనక గదికి ఒక్క కేసు రాలేదు. ఇల్లు గడవాలా వద్దా?"

అవి ఎందుకు రాలేదో వాడికి తెలుసు. అయినా ఆ మాట వాడే అన్నాడు, వాడి నోటితోనే. భూతద్దం జేబులోంచి అద్దం తీశాడు, ఏం చూడాలో తోచక మళ్లీ లోపల పెట్టేశాడు. టేపు కోసం అటక ఎక్కింది తను. పందెం కాసింది తను. పలకలు నిలబెట్టింది తను.

ఆ రోజు అతను గెలిచింది వీధి వైపు కిటికీ ఉన్న గది, తొమ్మిదడుగులకి పది. పోగొట్టుకుంది నూట ముప్పై ఆరు గజాలు, రెండు వైపులా రోడ్డున్న మూల బిట్టు.